పైసలు రాని మణెమ్మ

మణెమ్మ మొదటిసారి లీటరు నూనె ప్యాకెట్ కొన్న రోజు ఎర్రగుట్టపల్లిలో ఎవరికీ గుర్తుండే పని లేదు. ఆమెకు మాత్రం బాగా గుర్తు. అంతవరకూ ముప్పై ఏళ్ల బతుకులో ఆమె నూనెను పది రూపాయల పొట్లంగానే చూసింది. పొట్లం మూల పంటితో కొరికి, కూరలోకి సగం పిండి, మిగతా సగం మడిచి గూట్లో పెట్టుకోవడమే ఆమెకు తెలిసిన వంట. పేదవాళ్లకు ప్రతి వస్తువూ చిన్న పొట్లంలో పెద్ద ధరకు దొరుకుతుంది. ఈ లెక్క ఏ బడిలోనూ చెప్పరు, కొనుక్కునేవాళ్లకే తెలుస్తుంది.

నెలకు నాలుగు వేలు. పట్నంలోని ఒక పరిశోధనా సంస్థ ప్రతి నెలా ఐదో తేదీన ఆమె ఖాతాలో వేసేది. ఎందుకు ఖర్చు పెట్టారని అడిగేవాళ్లు లేరు, ఫలానాదే కొనాలన్న షరతు లేదు. ఊరికే ఎవరూ చారెడు ఉప్పు కూడా ఇవ్వని లోకంలో ఇదేమిటని మొదట్లో ఊరంతా ముక్కున వేలేసుకుంది. అత్త బాలమ్మ మాత్రం అనుమానించలేదు. లచ్చిమి వచ్చిందని దండం పెట్టి, ఒక్క కట్టడి చేసింది. శుక్రవారం నాడు ఆ డబ్బు గడప దాటకూడదు. ఐదో తేదీ శుక్రవారం పడితే ఇంట్లో ఉప్పు నిండుకున్నా సరే, నోట్లు దేవుడి గూట్లో ఉండాల్సిందే.

“లచ్చిమికి కాళ్లు నొస్తున్నయని మా అమ్మ సుక్కురవారం సెలవిచ్చింది,” అని మణెమ్మ భర్త కుర్మయ్య వేళాకోళం చేసేవాడు. చేస్తూనే బీడీ కొనుక్కోవడం శనివారానికి వాయిదా వేసుకునేవాడు.

ఆ డబ్బుతో పెద్ద అద్భుతాలేం జరగలేదు. బాలమ్మకు ఒక కంటి పొర తీయించారు. ఆపరేషన్ ఉచితమే గానీ, పోయి రావడానికీ, పది రోజులు పక్కన కూర్చోవడానికీ కూలి పోతుంది, అది ఎవరూ ఉచితంగా ఇవ్వరు. తొమ్మిదేళ్ల కూతురు అలివేలు నాలుగో తరగతి మధ్యలో మానకుండా చదివింది. దసరా పోయాక ఇటుక బట్టీ మేస్త్రీ ఎప్పట్లాగే అడ్వాన్సు నోట్లు జేబులో పెట్టుకుని వచ్చాడు. అరుగు మీద కూర్చున్న కుర్మయ్య, “ఈయేడు మేం రాం,” అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు నలభై ఏళ్లు పట్టింది. అన్నాక, అన్నది తనేనా అని తనే ఉలిక్కిపడ్డాడు.

ఇదంతా బాగానే ఉంది. బాగోలేనిది ఒక్కటే. ఆ డబ్బు రాని మణెమ్మ ఒకతి ఉంది.

డబ్బు మొదలు కాకముందు నలభై రోజులపాటు ఇంట్లో నలుగురూ తలకు వల టోపీ, చేతికి పట్టీ పెట్టుకుని తిరిగారు. పరిశోధనకు పెద్ద అయిన డాక్టర్ ఇందుమతి వాళ్ల ఇంటిని, పొయ్యిని, కుండల్ని, చివరికి మేకను కూడా మిషన్‌తో కొలిపించుకుంది. మంచి మనిషి. కింద కూర్చుని జొన్న రొట్టె తినేది. ఎందుకీ టోపీలని కుర్మయ్య అడిగితే దాచకుండా చెప్పింది.

“మీ బతుకు బాగుపడితే అది డబ్బు వల్లా, వానలు బాగా పడటం వల్లా అన్నది తేలాలి కదా. డబ్బు రాకపోతే మీరు ఎలా ఉండేవాళ్లో కూడా చూడాలి.”

“పక్కింటోళ్లను సూస్తే తెలుస్తది గద?”

“పక్కింటివాళ్లు మీరు కాదు కదా. అందుకే మిషన్లో మిమ్మల్నే ఇంకోసారి తయారు చేస్తున్నాం. ఇక్కడ వాన పడితే అక్కడా పడుతుంది. ఇక్కడ కందిపప్పు ధర పెరిగితే అక్కడా పెరుగుతుంది. మీ ఆలోచనలు, అలవాట్లు, కోపాలు అన్నీ మీవే ఉంటాయి. డబ్బు ఒక్కటే రాదు.”

“మరి ఆళ్లు ఏం తింటరు బిడ్డా?” అంది బాలమ్మ.

“మీరు ఇప్పుడు తినేదే అవ్వా.”

ఆ జవాబుకు అందరూ నవ్వారు. మణెమ్మ కూడా నవ్వింది. అలా ఎలా నవ్వానని తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఏడాది ప్రయోగం. అది పూర్తయ్యేలోగా మిషన్లోని తమ ఇంటిని ఒక్కసారి చూసుకునే హక్కు వాళ్లకుందని కాగితంలో రాసి ఉంది. చలి తగ్గుతున్న రోజుల్లో మణెమ్మ పోయి చూస్తానంది. కుర్మయ్య రానన్నాడు. “సచ్చినోళ్లను సూడొచ్చు గాని, మనల్ని మనం సూసుకోవద్దు,” అన్నాడు. ఆమె ఒక్కతే బస్సెక్కి మండల కేంద్రంలోని ఆఫీసుకు పోయింది.

చల్లటి గది, గోడంత తెర. ఇందుమతి మీట నొక్కగానే తెర మీద ఇటుక బట్టీ వచ్చింది. అచ్చు ముందు కూర్చుని బురద నింపుతున్న మనిషిని మణెమ్మ మొదట పోల్చుకోలేదు. ఆ చేతులు చూసి పోల్చుకుంది. కొంచెం అవతల అలివేలు పచ్చి ఇటుకల్ని ఎండకు తిప్పి పేరుస్తోంది. ఒంటి మీద బడి గౌనే ఉంది, భుజం దగ్గర చిరిగి.

“బడి బంద్ చేపిచ్చిండ్రా?”

“నవంబర్లోనే,” అంది ఇందుమతి మెల్లగా.

“మా అత్త?”

“ఊళ్లోనే ఉంది. రెండు కళ్లూ కనిపించవు. పక్కింటివాళ్లు గంజి పోస్తున్నారు.”

తెర మీద మధ్యాహ్నమైంది. ఆ మణెమ్మ మూడు రాళ్ల మీద కూర పెట్టి, నూనె పొట్లం మూల పంటితో కొరికింది. ఆ కొరకడం తనదే. ఈ మణెమ్మ ఆరు నెలల్లోనే దాన్ని మరిచిపోయింది. కూర దించుకుని, పిల్లకు పెట్టి, తను మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆ మణెమ్మకు పొలమారింది. దగ్గుతూ తన నడినెత్తి తనే తట్టుకుంది. “ఎవరో తలుసుకుంటున్నరు,” అంది.

“మనల్ని తలుసుకునేటోళ్లు ఎవరున్నరే?” అన్నాడు అక్కడి కుర్మయ్య.

ఇటువైపు మణెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“భయపడకండి. మీరున్నట్టు వాళ్లకు తెలియదు,” అంది ఇందుమతి.

“నేను తలుసుకున్న గద డాక్టరమ్మా.”

ఇందుమతి మీట నొక్కి తెర ఆపేసింది.

ఆ నెల నుంచి మణెమ్మ నాలుగు వేలలో సగం తీసి ఒక ఇత్తడి చెంబులో పెట్టడం మొదలుపెట్టింది. అన్నదమ్ముల్లో ఒకడు వలస పోతే, ఇంటి దగ్గర ఉన్నవాడు పంటలో అతని పాలు తీసి పక్కన పెడతాడు. ఆమె చేసింది అదే. ఇంట్లోకి మళ్లీ పది రూపాయల నూనె పొట్లాలు వచ్చాయి. అలివేలుకు కొంటానన్న చెప్పులు కొనలేదు. అన్నం ముందు కూర్చుంటే ఆమెకు ఆ చిరిగిన గౌనే కనిపించేది.

“ఉన్నోళ్లం ఉపాసముంటే లేనోళ్ల కడుపు నిండుతదా?” అని కుర్మయ్య ఒకరోజు కంచం తోసేశాడు.

“నిండదు. నాకు మింగుడు పడ్తలేదు, ఏం జెయ్యాలె?”

ఇంటికి వచ్చిన ఇందుమతి నూనె పొట్లం చూసి ఆగిపోయింది. సంగతి విని తల పట్టుకుంది. మణెమ్మ అడగాలనుకున్నది అప్పుడే అడిగేసింది.

“మిషన్ల ఉన్నోళ్లకు పైసలియ్యనీకి ఏం ఖర్సైతది? ఒక అంకె ఏస్తే ఆయె గద.”

“ఖర్చేమీ కాదు మణెమ్మా. కానీ వాళ్లకూ ఇస్తే రెండు ఇళ్లూ ఒకటైపోతాయి. తేడా చూపిస్తేనే ఈ డబ్బు నలభై ఊళ్లకు వస్తుంది. నలభై ఊళ్లు! ఎంతమంది పిల్లలు బట్టీలకు పోకుండా ఆగుతారో ఆలోచించండి.”

“అంటే ఆళ్లు మంచిగుంటే మీకు పనికి రారన్నట్టు.”

ఇందుమతి ఆ రోజు చాయ్ తాగకుండానే వెళ్లిపోయింది.

వైశాఖం ఎండల్లో ఒక గురువారం సాయంత్రం ఆమె జీపు మళ్లీ వచ్చింది. ఈసారి డ్రైవర్ లేడు, తనే నడుపుకుంటూ వచ్చింది. వాకిట్లో అలివేలు అచ్చనగాయలు ఆడుతోంది. ఇందుమతి ఆ పిల్లను చూసి, వంగి ఒక రాయి ఏరి చేతికిచ్చి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

“అలివేలుకు జ్వరం. అక్కడ. మూడు రోజులైంది, తగ్గడం లేదు. ఆసుపత్రికి తీసుకుపోవడానికి వాళ్ల దగ్గర డబ్బుల్లేవు. ఇది మీకు చెప్పకూడదు, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.”

“అయితే పంపు! నా చెంబుల పైసలున్నయి, అన్ని పంపు!”

“ప్రయోగం నడుస్తుండగా నేను పంపలేను. ఒక్క దారి ఉంది.” ఆమె సంచిలోంచి కాగితం తీసింది. “ఈ ప్రయోగం మాకొద్దని మీరే స్వయంగా ఆఫీసుకు వచ్చి వేలిముద్ర వేసి ఇస్తే, ఆ నిమిషం నుంచి ఆ ఇల్లు ప్రయోగంలో ఉండదు. నేను వెంటనే డబ్బు వేస్తాను. కానీ మీ డబ్బు కూడా ఆ నిమిషం నుంచే ఆగిపోతుంది. నలభై ఊళ్ల సంగతీ చెప్పలేను.”

జీపు పోయింది. కుర్మయ్య వాకిట్లో ఆడుతున్న పిల్ల వైపు చూసి అన్నాడు.

“దసరాకు మేస్త్రీ మల్ల వస్తడు. ఆ పిల్లను కాపాడనీకి ఈ పిల్లతోని ఇటుకలు మోపిస్తవా?”

“ఈ పిల్లకు జొరం రాలే గద. ఆ పిల్ల సచ్చిపోతది.”

“అది నీడే, మణెమ్మా!”

“నీడకు జొరమొస్తదా?”

తెల్లారేసరికి ఆమె నిశ్చయించుకుంది. నీళ్లు పోసుకుని, కాగితం కొంగున ముడేసుకుని గడప దగ్గరికి వచ్చింది. కుర్మయ్య అడ్డు చెప్పలేదు. బస్సు చార్జీ తీసి ఇచ్చాడు కూడా. అడ్డం నిలబడింది బాలమ్మ. రెండు చేతులూ ద్వారబంధాలకు ఆనించి, బాగైన ఒక్క కంటితో కోడల్ని చూసింది.

“ఇయ్యాల సుక్కురవారం. నెలనెల ఇంట్లకొచ్చే లచ్చిమిని సుక్కురవారం పూట నాకొద్దని రాసిస్తవా? జల్మల మల్ల ఈ గడప తొక్కదు. నేనొద్దంటలేను బిడ్డా. ఒక్క దినం ఆగు. రేపు శనివారం, తొలి బస్సుకు పో.”

మణెమ్మ ఆగింది. అత్త మాట కాదనలేక ఆగిందంటే సగమే నిజం. ఇంకొక్క రోజు ఆ నాలుగు వేలు తనవిగా ఉంటాయి, కూతురు ఇంకొక్క రోజు బట్టీకి పోనవసరం లేని పిల్లగా ఉంటుంది. ఆ ఒక్క రోజు కోసం ఆమె ప్రాణం లాగింది. కాళ్లు కడుక్కుని లోపలికి పోయింది. లోపలికి పోతుంటే గుండె తేలికైనట్టు కూడా అనిపించింది. ఆ తేలికను ఆమె తర్వాత ఎన్నడూ క్షమించుకోలేదు.

శనివారం తొలి బస్సు దిగి ఆఫీసుకు పోయేసరికి ఇందుమతి గుమ్మంలోనే కూర్చుని ఉంది. లేవలేదు.

“నిన్న మధ్యాహ్నం,” అంది.

మణెమ్మ కొంగు ముడి పట్టుకుంది. “అక్కడ మా ఆయన మేస్త్రీని అడుగలేదా?”

“అడిగాడు. ఐదు వందలు అడిగాడు, కాళ్లు పట్టుకున్నాడు. శుక్రవారం పైసలు బయటికి తీయనన్నాడు మేస్త్రీ. రేపు రమ్మన్నాడు.”

ఇటు గడపలోనూ అటు బట్టీలోనూ లచ్చిమి ఆ రోజంతా భద్రంగానే ఉంది. మణెమ్మకు ఏడుపు రాలేదు. చూస్తానంది. హక్కు అయిపోయిందని ఇందుమతి అనలేదు, లోపలికి తీసుకుపోయింది.

తెర మీది మణెమ్మ కూడా ఏడవడం లేదు. బట్టీ పక్కన గుడిసె ముందు కూర్చుని, పిల్ల జడకుండే రిబ్బన్ను వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుడుతోంది. ఎవరో అన్నం తెచ్చి పెట్టారు. ముట్టుకోలేదు.

“కాగితం తెచ్చారా?” అని అడిగింది ఇందుమతి. “ఇప్పుడైనా వేలిముద్ర వేస్తే వాళ్లకు ఈ రోజు నుంచి...”

మణెమ్మ కొంగు ముడి విప్పి కాగితాన్ని చూసింది. పిల్ల పోయింది. ఇక్కడి పిల్ల ఉంది, దసరాకు మేస్త్రీ వస్తాడు. ఆమె కాగితాన్ని మళ్లీ మడిచి ముడేసుకుని బస్టాండుకు నడిచింది. ఇది చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది. అయినా మంచిదాన్ని ఇంకా మంచిదాన్ని చేసి చెప్పడం కన్నా జరిగింది చెప్పడమే మేలు. ఆమె వేలిముద్ర వేయలేదు.

జూన్‌లో ఫలితాలు చదివారు. డబ్బు వచ్చిన ఇంట్లో పిల్ల ఐదో తరగతిలోకి వెళ్లింది, రాని ఇంట్లో పిల్ల లేదు. ఇంత స్పష్టమైన తేడా ఇంతవరకూ ఏ ప్రయోగంలోనూ రాలేదని పెద్దలు చప్పట్లు కొట్టారు. ఎర్రగుట్టపల్లితో కలిపి నలభై ఊళ్లకు నెలనెలా డబ్బు ఇవ్వాలని తీర్మానమైంది. ఊళ్లో లడ్డూలు పంచారు. అలివేలును వేదిక మీదికి పిలిచి సంచీ, పుస్తకాలు ఇచ్చారు. కుర్మయ్య తీసుకుపోయాడు, మణెమ్మ పోలేదు. ఆ రోజు ఇంటికొచ్చిన లడ్డూ చీమల పాలైంది.

వానలు మొదలయ్యాక ఇందుమతి చివరిసారిగా వచ్చింది. మనిషి సగమైంది. ప్రయోగం అయిపోయింది కాబట్టి మిషన్లోని ఇంటిని ఏం చేయాలో చెప్పే హక్కు వీళ్లదే. ఆపేయమంటే ఆపేస్తుంది. ఆపితే వాళ్లకు నొప్పి ఉండదు, ఏమీ ఉండదు.

“బంద్ చెయ్యుండ్రి. ఆళ్ల దుక్కం ఆళ్లతోటే పోతది,” అన్నాడు కుర్మయ్య. నీడ అన్న మాట ఆయన నోట మళ్లీ రాలేదు.

మణెమ్మ తల అడ్డంగా ఊపింది. “ఆమెను బంద్ జేస్తే ఆ పిల్లను తలుసుకునేటోళ్లు ఎవరుంటరు? ఉండనీయుండ్రి. పైసలు పంపుండ్రి. మాకెంతొస్తే అంత.”

ఇందుమతి సరేనంది. ఆషాఢం నుంచి మిషన్లోని ఇంటికీ డబ్బు పడింది. మరుసటి నెల ఆమె ఫోన్ చేస్తే మణెమ్మ ఒక్కటే అడిగింది.

“మొదటి నెల ఏం కొన్నది?”

“వాళ్లు ఊరికి వచ్చేశారు. అవ్వను కళ్ల ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇంకా... లీటరు నూనె ప్యాకెట్ కొంది.”

ఫోన్ పెట్టేసి మణెమ్మ పొయ్యి ముందు కూలబడింది. వైశాఖం నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

పెత్రమాస వచ్చింది. చనిపోయిన పెద్దల పేరు మీద ఆ అమావాస్య నాడు అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తారు. ఎవరి పేరు చెబితే వాళ్లకు అందుతుందని నమ్మకం. బతికున్నవాళ్ల పేరు పొరపాటున కూడా పలకకూడదు. మణెమ్మ సోలెడు బియ్యం, బీరకాయలు, గుమ్మడి ముక్క, చింతపండు పళ్లెంలో పెట్టుకుంది. ఎప్పుడూ ఇచ్చేదానికి ఇంకో సోలెడు బియ్యం ఎక్కువ పోసింది. బాలమ్మ చూసింది గానీ అడగలేదు. కొత్త చెప్పులేసుకుని అలివేలు తల్లి వెంట నడిచింది.

“పేర్లు చెప్పమ్మా,” అన్నాడు అయ్యగారు.

ఆమె మామ పేరు చెప్పింది, తన తల్లి పేరు చెప్పింది. అయ్యగారు నీళ్లు వదిలి, “ఇంకా?” అన్నాడు.

పేరు నాలుక చివరి దాకా వచ్చింది. ఆ పేరున్న పిల్ల పక్కనే కొంగు పట్టుకుని నిలబడి, వెనకాల వరసలో ఉన్న దోస్తుకు తన చెప్పులు చూపించి నవ్వుతోంది.

“ఇంకెవరన్న ఉన్నరా అమ్మా?”

“లేరు సామీ,” అంది మణెమ్మ.

ఎక్కువ పోసిన సోలెడు బియ్యం ఏ పేరూ లేకుండానే అయ్యగారి మూటలోకి పోయింది. రెండోసారి కూడా ఆ పిల్లకు ఇవ్వలేకపోయానని దారంతా ఆమె లోపల కుమిలిపోయింది. అక్కడా ఇదే అమావాస్య. అక్కడి మణెమ్మ చేతిలో ఇప్పుడు డబ్బుంది, పళ్లెంలో బియ్యముంటాయి. అయ్యగారు “ఇంకా?” అని అడిగితే ఆమె ఆగక్కర్లేదు.

ఇంటికొచ్చి అన్నం వడ్డించుకుని కూర్చున్నారు. పప్పులో నూనె తేలుతోంది. అలివేలు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది, మింగబోతూ ఒక్కసారిగా పొలమారి దగ్గింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. బాలమ్మ చటుక్కున చేయి చాపి పిల్ల నడినెత్తి తట్టింది.

“ఏం గాదు, ఏం గాదు. నిన్నెవరో తలుసుకుంటున్నరు బిడ్డా.”

అలివేలు దగ్గు ఆపుకుని, నీళ్లు తాగి, తల్లి వైపు తిరిగింది. మణెమ్మ చేతిలోని ముద్ద కంచంలోకి జారిపోయింది.

“ఎవరమ్మా?”

“మీ అమ్మ,” అంది మణెమ్మ.